గూడు చెదరిన ఉడుతపిల్ల

గత వేసవి గాలివానకు మా పెరటి కొబ్బరిచెట్టునుండి రెండు ఉడుతపిల్లలు నేలబడినవి. కన్నులైనను తెరువలేదు, వీపున చారలు మాత్రము లీలగా దోచుచుండెను. జాలిగొని వెంటనే ఒకదానిని వెల్లకిల బట్టి, చెవిమందు డ్రాపరుతో ఆవుపాలు పోసితిమి. పాలు ముక్కునుండి వెలికివచ్చినవి. మరునాటికది చనిపోయినది. ఆకలి కాదు, మా తొందరయే దానిని చంపినది.

రెండవదాని విషయమున బుద్ధి తెచ్చుకొంటిమి. చలిగొన్న పిల్లకు పాలరుగవు. ముందు కావలసినది వెచ్చదనము. వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి, పిల్లతోగూడ అట్టపెట్టెలో నుంచి, చెట్టు మొదటనే పెట్టితిమి. పిల్లి రాకుండ మా అమ్మగారు దూరమున కావలి కూర్చుండిరి. మనిషి తాకెనని తల్లియుడుత పిల్లను విడువదు. వచ్చినచో నోట కరచుకొని పోవును. ప్రొద్దుగ్రుంకువరకు చూచితిమి. రాలేదు.

అటుపై పశువైద్యుని సలహా ననుసరించి, మేకపాలలో కాచిన నీరు కలిపి, పిల్లను బోరగిల బట్టి, గోరువెచ్చగా చుక్కచుక్కగా నాకించితిమి. రాత్రులు గూడ లేవవలసివచ్చెను. పాలు త్రాగినపిమ్మట తడిదూదితో పొట్టక్రింద నిమురవలెను. తల్లి నాకనిదే పసికూన మూత్రమైనను విడువలేదు. ఈ సంగతి మాకును అదివరకు తెలియదు.

కొన్ని వారములకు కన్నులు తెరచి, జామపండు కొరుకనేర్చినది. పంజరము కొనుమని మా పిల్లలు పట్టుబట్టిరి. కొనలేదు, కిటికీ తెరచియుంచితిమి. రెండునాళ్ళు సాయంకాలమునకు తిరిగివచ్చినది. మూడవనాడు రాలేదు.