కారులో ప్లాస్టిక్ కాలిన వాసన: కారణములు, నివారణోపాయములు
(ఒక మండల కేంద్రమున గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుని వాకిట కారుండుట నేడు వింత కాదు. అది అతని సొంతమే యైనను, అర్ధరాత్రి ఎవరికి ఆపద వచ్చినను ఊరంతటికి అదియే ఆధారము. అట్టి బండిలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినచో ఏమి చేయవలెనో మనవి చేయుదును.

మా యూరిలో జరిగిన సంగతితో ఆరంభించెదను. ఒక రాత్రి ప్రసవవేదన పడుచున్న ఒక యువతిని కారులో ఆసుపత్రికి తీసికొని పోవుచుంటిమి. దారిలో వాసన వచ్చినది. ఊరి చివర చెత్త తగులబెట్టుచున్నారని డ్రైవరు చెప్పగా నేనును అట్లే తలచితిని. వెనుక కూర్చున్న ముసలమ్మ మాత్రము, "చెత్తకుప్ప దాటి రెండు మైళ్లు వచ్చితిమి గదా నాయనా, వాసన మన వెంటనే వచ్చుచున్నదేమి?" అని అడిగినది. ఆ మాటతో బండి ఆపితిమి. బానెట్టు క్రింద ఫ్యూజుల పెట్టె చేయి పెట్టలేనంత వేడిగా నున్నది. తీగల పైతొడుగు మెత్తబడి కరగుచున్నది. బ్యాటరీ తీగ నూడదీసి 108 వాహనమును పిలిచితిమి. తల్లీ బిడ్డా క్షేమముగా ఇల్లు చేరిరి. ముసలమ్మ అడిగిన ప్రశ్నయే మొదటి పరీక్ష: వాసన చోటును బట్టి పోవునదా, బండి వెంట వచ్చునదా?

ఆ కారులో జరిగిన తప్పు రెండు విధములు. వెలుతురు చాలదని 60 వాట్ల దీపములు తీసి 100 వాట్లవి బిగించిరి. 12 వోల్టుల బ్యాటరీపై 60 వాట్ల దీపము 5 ఆంపియర్ల కరెంటు తీసికొనును. 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా తీసికొనును. తీగలో పుట్టు వేడి కరెంటు వర్గమును బట్టి పెరుగును గనుక, అది ఒకటిన్నర రెట్లు గాక, రెండున్నర రెట్లకు మించినది. ఫ్యూజు కాలిపోవుచుండగా, దాని స్థానమున రాగి తీగ చుట్టిరి. ఫ్యూజు కాలుట లోపము కాదు, అది కావలివాని కేక. కావలివానిని తొలగించినందున కాలవలసిన ఫ్యూజుకు బదులు తీగలు కాలినవి. ఫ్యూజులలో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలము, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఏ రంగుది కాలినదో ఆ రంగుదే వేయవలెను.

ఇక వాసన ఎప్పుడు వచ్చుచున్నదో గమనింపుడు. దీపములు వేసినపుడే వచ్చినచో ఆ తీగలును స్విచ్చియు చూడవలెను. ఏ.సి. గాని బ్లోయరు గాని వేసినపుడే వచ్చినచో, ఎండుటాకులు చేరి మోటారు బిగిసెనేమో, దాని కనెక్షను వదులయ్యెనేమో చూడవలెను. బండి చాల దినములు కదలక నిలిచియున్నచో ఎలుకలు తీగలు కొరికియుండవచ్చును. బ్యాటరీ మొనలు వదులైనను వేడి పుట్టును.

కొంతదూరము నడచి ఇంజను వేడెక్కిన పిదపనే బయటినుండి వాసన వచ్చినచో, బండి క్రింద చూడుడు. రోడ్డుపై పడిన పాలిథీన్ సంచి సైలెన్సరు గొట్టమునకు అతుకుకొనుట తరచుగా జరుగును. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప కర్రముక్కతో గీకి తీయవలెను; పెట్రోలుతో తుడువరాదు. చేతిబ్రేకు వదలక నడిపినను, క్లచ్చిపై కాలుంచి నడిపినను మాడు వాసన వచ్చును. అది వేరు, ఆ అలవాటు మానినచో పోవును.

పొగ కనిపించినచో పరీక్షలకు పూనుకొనరాదు. బండిని ప్రక్కకు ఆపి, ఇంజను కట్టి, అందరును దిగి దూరముగా పోవలెను. సామానుకై తిరిగి రారాదు. బానెట్టు బార్లా తెరచినచో గాలి తగిలి మంట పెరుగును. నీరు చల్లరాదు. 101కు గాని 112కు గాని ఫోను చేయవలెను. విద్యుత్తుతో నడచు కారైనచో నారింజ రంగు తీగలను ఎవరును తాకరాదు.

పొగ లేక వాసన మాత్రమే యున్నచో, ఇంజను కట్టి బ్యాటరీ ఋణపు తీగను ముందుగా విప్పి, మెకానిక్కును పిలువుడు. కాలిన తీగకు టేపు చుట్టి సరిపెట్టుట మరమ్మతు కాదు. ఆ ముక్కను మార్చి, అది ఎందుకు కాలెనో కనుగొననిచో మరల కాలును.

చివరగా పంచాయతీ చేయవలసిన పనులు. 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. అంగళ్లలో ఆ నిషేధమును అమలు జరుపుడు. రోడ్డుపై గడ్డి పరచనీయకుడు. అది సైలెన్సరుకు చుట్టుకొని నిప్పంటుకొనును. చెత్తకుప్పలకు నిప్పు పెట్టనీయకుడు. ఊరి చివర నిత్యము ప్లాస్టిక్ కాలుచుండుట చేతనే గదా, ఆ రాత్రి మా బండిలో కాలుచున్న వాసనను మేము గుర్తింపలేకపోతిమి!