ఇంటికి రాని బూట్లు

(ప్రాంతీయ కార్యాలయం ఆధ్వర్యంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక శాఖ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను డిజిటల్ మోసాల గురించి మాట్లాడమన్నారు. ఓటీపీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి అని మా నోట మీరు వెయ్యిసార్లు విని ఉంటారు. అందుకని ఈరోజు బూట్ల గురించి చెబుతాను. నవ్వకండి, మా ఇంట్లో జరిగిన సంగతే.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన ఏడాది వాడికి ఎయిర్ జోర్డన్ బూట్ల మీద మనసు పడింది. వాడికి కావలసిన రకం కంపెనీ షోరూములో లేదు. సోషల్ మీడియాలో ఒక అమ్మకందారు "ఒరిజినల్, బాక్సుతో సహా, 14,000" అని పెట్టాడు. సీటు వచ్చినప్పుడు తాతయ్య చేతిలో పెట్టిన డబ్బు మావాడు దాచుకున్నాడు. అందులోంచి యూపీఐలో పంపేశాడు. రెండు రోజుల తర్వాత "సరుకు కస్టమ్స్‌లో ఆగింది, ఇంకో 4,500 కడితే వదులుతారు" అని మెసేజి వచ్చింది. అదీ కట్టాడు. ఆ సాయంత్రానికి ఆ అమ్మకందారు ఖాతాయే కనిపించకుండా పోయింది. మొత్తం 18,500 రూపాయలు.

బూట్లకు అంత డబ్బా అని మీలో చాలామంది అనుకుంటున్నారు. నేనూ అదే అన్నాను. తర్వాత కూర్చుని ఈ వ్యాపారం ఏమిటో చదివాను. 1985లో నైకీ కంపెనీ బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ పేరుతో బూట్లు తెచ్చినప్పుడు వాటి ధర 65 డాలర్లు. అదే రకంలో ఆయన స్వయంగా తొడుక్కుని ఆడి, సంతకం పెట్టిన జత ఒకటి 2020 మేలో సోథెబీస్ వేలంలో 5,60,000 డాలర్లకు పోయింది. ఆ ధర ఆయన తొడుక్కున్నందుకు, ఆయన సంతకానికి వచ్చింది. కానీ ఇలాంటి వార్త చదివిన పిల్లలకు ప్రతి జతా అలాగే పెరుగుతుందనిపిస్తుంది.

కొన్ని రకాలను కంపెనీ కావాలనే తక్కువ సంఖ్యలో విడుదల చేస్తుంది. చాలాసార్లు లాటరీ తీసి అమ్ముతుంది. లాటరీలో వచ్చినవాళ్లు ఎక్కువ ధరకు మళ్లీ అమ్ముకుంటారు. దాని కోసమే ప్రత్యేకంగా సైట్లు పుట్టాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో 2016లో మొదలైన స్టాక్‌ఎక్స్ అచ్చం షేర్ మార్కెట్ లాగే నడుస్తుంది. కొనేవాడు తన ధర పెడతాడు, అమ్మేవాడు తన ధర పెడతాడు, రెండూ కలిస్తే బేరం కుదిరినట్టే. సరుకు ముందు కంపెనీ తనిఖీ కేంద్రానికి వెళ్లి, అక్కడ పరీక్ష అయ్యాకే కొన్నవాడికి చేరుతుంది. గోట్ అనే ఇంకో కంపెనీ పుట్టిన కథ వింటే మా అబ్బాయికి ఓదార్పు దొరికింది. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకాయన వేరే సైట్లో జోర్డన్ బూట్లు కొంటే అవి నకిలీవని తేలిందట. మన దేశంలోనూ ముంబయి, ఢిల్లీ, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఈ వ్యాపారం సాగుతోంది.

ఈ సైట్లు చేసే పని మనకు కొత్తది కాదు. బంగారం మీద అప్పు ఇచ్చేటప్పుడు మన అప్రైజరు చేసేది అదే. గీటురాయి మీద గీసి, తూకం వేసి, ఇది ఇన్ని క్యారెట్లు అని సంతకం పెడతాడు. మనం ఆ సంతకాన్ని నమ్మి డబ్బిస్తాం. బూట్ల సైటుకు కట్టే అదనపు ఛార్జీ అలాంటి సంతకం కోసమే. సోషల్ మీడియాలో ముక్కూ మొహం తెలియని అమ్మకందారు దగ్గర ఆ సంతకం పెట్టేవాడు లేడు.

అయితే సంతకం ఉన్నా కళ్లు మూసుకోకూడదు. అప్రైజరు పొరపాటు ఎంత ఖరీదైనదో మన శాఖల్లో పనిచేసిన వాళ్లకు తెలుసు. 2022లో నైకీ స్టాక్‌ఎక్స్ మీద దావా వేసింది. అక్కడ తాము కొన్న నాలుగు జతలు నకిలీవని అదే ఏడాది మేలో కోర్టుకు చెప్పింది. ఆ సంవత్సరం నవంబరులో స్టాక్‌ఎక్స్ తన ట్యాగు మీద ఉన్న "తనిఖీ చేశాం, అసలైనది" అన్న అర్థం వచ్చే మాటలను తగ్గించి, "తనిఖీ చేశాం" అన్నంత వరకే ఉంచింది. 2025 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 37 నకిలీ జతల విషయంలో ఆ సైటును బాధ్యురాలిగా తేల్చింది. ట్యాగు మీద ఉన్న మాటను ఆచితూచి చదవాలని ఇందుకే అంటున్నాను.

ముందుగా డబ్బు కట్టించుకునే వ్యాపారం ఇంకా ప్రమాదం. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన జాదే కిక్స్ అనే సంస్థ 2021లో ఒక జోర్డన్ రకం విడుదల కాకముందే ఆర్డర్లు తీసుకుంది. ప్రభుత్వ న్యాయవాదుల అభియోగం ప్రకారం 6 లక్షల జతలకు పైగా ఆర్డర్లు, 7 కోట్ల డాలర్లకు పైగా డబ్బు వచ్చాయి. చేతికి దొరికిన జతలు 6,000 పైచిలుకు. చిట్టీల పేరుతో మునిగినవాళ్లను చూసిన మనకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

పెట్టుబడిగా కొంటున్నాం అనే పిల్లలకు ఇంకొక్క మాట. బంగారం బీరువాలో ముప్ఫై ఏళ్లున్నా బంగారమే. ఈ బూట్లలో చాలా రకాల అడుగున ఉండే మెత్తటి పొర పాలీయురెథేన్‌తో చేసింది. గాలిలో తేమ తగిలి అది ఏళ్ల తరబడి మెల్లగా పాడవుతుంది. తొడుక్కోకుండా బాక్సులో దాచినా ఒకరోజు పెళుసై ముక్కలుగా రాలుతుంది. మన కోస్తా ఊళ్ల ఉక్కపోత సంగతి మీకు తెలుసు. తొడుక్కోవడానికి ఇష్టపడి కొనుక్కుంటే కొనుక్కోండి. ఫిక్సెడ్ డిపాజిట్ అనుకుని మాత్రం కొనకండి.

కొనేముందు మొత్తం లెక్క వేయండి. విదేశం నుంచి తెప్పిస్తే సైటు ధర మీద సైటు ఛార్జీ, రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కార్డు మీద విదేశీ మారకపు ఛార్జీ కూడా పడతాయి. సైజు సరిచూసుకోండి. నైకీ మగవాళ్ల బూట్లలో యూకే 8 అంటే యూఎస్ 9. ఇలాంటి సైట్లలో సైజు తప్పినా చాలాసార్లు వెనక్కి తీసుకోరు. బూటు లోపలి ట్యాగు మీది కోడ్, బాక్సు మీది కోడ్ ఒకటేనా చూడండి. నకిలీవాళ్లు కోడ్‌ను కూడా అచ్చుగుద్దుతారు కాబట్టి కోడ్ కలిసినంత మాత్రాన అసలైనదని అనుకోకండి. సైటు బయట నేరుగా డబ్బు పంపమన్నవాడితో బేరం అక్కడితో ఆపేయండి.

మోసపోతే ఏం చేయాలి? వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారి, ఏటీఎంలో తీసేశాక ఎవరూ ఏమీ చేయలేరు. ఖాతాదారు తానే పిన్ కొట్టి పంపిన డబ్బుకు, మనకు తెలియకుండా పోయిన డబ్బుకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే రక్షణ వర్తించదు. అందుకే ప్రతి గంటా విలువైనదే.

మావాడు ఎన్ని గంటల్లో చెప్పాడో తెలుసా? నాలుగు రోజులకు. అదీ నాకు కాదు, వాళ్ల నానమ్మకు. మా అత్తయ్యగారు రాత్రి వంటింట్లోకి వచ్చి, "వాడిని కోప్పడనని మాటిస్తే ఒకటి చెబుతానమ్మా" అన్నారు. అప్పుడు ఫిర్యాదు చేశాం. ఆ డబ్బు అప్పటికే మూడు ఖాతాలు దాటింది. ఒక్క రూపాయి రాలేదు.

ఇరవై ఏళ్లుగా ఖాతాదారులు ఏడుస్తూ నా ముందు కూర్చుంటే నీళ్లిచ్చి, భయపడకండి, వివరాలు చెప్పండి అంటున్నదాన్ని. నా కొడుకు నాకెందుకు చెప్పలేదు? నెమ్మదిగా అడిగితే తల వంచుకుని చెప్పాడు. అంతకు వారం ముందు అన్నం తింటూ నేను ఒక ఖాతాదారు సంగతి చెప్పానట. "ఇంత చదువుకుని ఎలా మోసపోతారో, బుద్ధుండక్కర్లా?" అని నవ్వానట. నాకు ఆ మాట అన్న గుర్తే లేదు. వాడికి ఉంది.

ఆ నాలుగు రోజులు మోసగాడికి ఇచ్చింది నేనే. మనం కౌంటర్లో చూపించే ఓర్పు ఇంట్లో చూపించకపోతే, మన పిల్లలు మోసపోయిన రోజు ఆఖరున తెలిసేది మనకే. బ్యాంకు వాళ్ల పిల్లలు కదా, వాళ్లకు సిగ్గు ఇంకా ఎక్కువ.

మొన్న మావాడు ఫోన్ పట్టుకుని వచ్చి, "అమ్మా, ఈ సైటు చూడవా?" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఛార్జీలు కలిపి లెక్కేశాం. ఇప్పుడొద్దులే అని వాడే అన్నాడు. కొని ఉన్నా నేను కాదనేదాన్ని కాదు. ముందు నా దగ్గరికి వచ్చాడు, నాకు అది చాలు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకు ఒక మాట చెప్పండి. డబ్బు పోతే ముందు మాకు చెప్పండి, కోప్పడటం తర్వాత చూసుకుందాం అనండి.