బడి నుంచి ప్రోగ్రామ్ మేనేజర్ పని దాకా: మన పిల్లలకు చెప్పాల్సిన మాట

(ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో జరిగిన అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)





మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి ఈ ఊరు వచ్చాడు. పట్టాల మీద గ్యాంగులో పనిచేశాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ ఎత్తిచూపింది ఇదే: మనవాళ్లను గ్యాంగ్‌మన్ పని దాటి పైకి రానివ్వడం లేదని. నాన్న వర్క్‌షాపులో ఖలాసీ అయ్యాడు. నేను బి.ఎడ్. చేసి తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్‌ని. "టీచరమ్మా, కంప్యూటర్ చదవకుండా ఆ ఉద్యోగం ఎలా వచ్చింది?" అని మీలో చాలామంది అడిగారు. జవాబు చెబుతాను.

ముందు ఆ పనేంటో తెలియాలి. ఒక యాప్ తయారు చేయడం ప్రాజెక్టు. ఆ యాప్, దాన్ని వాడే బడులకు శిక్షణ, ఫిర్యాదులు తీసుకునే విభాగం, డబ్బు లెక్క, ఇవన్నీ ఒకే లక్ష్యం కోసం కలిసి నడిస్తే ప్రోగ్రామ్. ఏది ఆగితే ఏది ఆగుతుందో ముందే చూడాలి. ఎక్కడ దెబ్బ తగలొచ్చో రాసిపెట్టాలి. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాలి.

దీనికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1918లో బాబాసాహెబ్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్. 1935లో ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. 1943లో దామోదర్ వరద మన బెంగాల్‌ను ముంచింది. 1945 జనవరి 3న కలకత్తాలో బెంగాల్, బిహార్ ప్రతినిధులను కూర్చోబెట్టి ఆయన సమావేశం నడిపారు. వరద కట్టడి, సాగునీరు, కరెంటు, పడవ రవాణా, అన్నీ ఒకే నదికి ఒకే పథకంగా చూశారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. పాఠం చెప్పిన మనిషి ప్రోగ్రామ్ నడపలేడని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక నా సంగతి. బడిలో జీతం ఇంటి అద్దెకీ నాన్న మందులకీ చాలేది కాదు. సెలవుల్లో జీతమే లేదు. రాత్రిళ్లు చదివి క్యాప్మ్ అనే పరీక్ష రాశాను. దానికి ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. బయోడేటాలో "లెక్కల టీచర్" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పిలవలేదు. తర్వాత చేసిన పని రాశాను: మూడు సెక్షన్లకు ఏడాది ప్రణాళిక, వెనకబడిన పిల్లలకు విడి తరగతులు, తల్లిదండ్రుల సమావేశాలు, పరీక్షల నిర్వహణ. బడులకు సాఫ్ట్‌వేర్ అమ్మే చోట కోఆర్డినేటర్‌గా తీసుకున్నారు.

తప్పులూ చేశాను. మొదటి నెలలో ఒక ఇంజనీరును అందరి ముందు "పని ఎందుకు కాలేదు?" అని నిలదీశాను. "మేము మీ క్లాసు పిల్లలం కాదు మేడమ్" అన్నాడు. నిజమే. పిల్లల్ని కూడా అలా అడగకూడదని అప్పుడే తెలిసింది.

కానీ బడి అనుభవమే నన్ను నిలబెట్టింది. ఒక కొత్త యాప్‌ను మార్చిలో అన్ని బడుల్లో మొదలుపెడదామన్నారు. అది పరీక్షల నెల అని, చాలా ఇళ్లలో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉంటుందని రాసిచ్చాను. మొదట పట్టించుకోలేదు. రెండు బడులు ఒప్పుకోకపోయాక తేదీ మార్చారు.

కులం ఆ గదిలోనూ ఉంది. ఇంటిపేరు అడుగుతారు, తిండి అడుగుతారు. ఒకాయన "కోటాలో వచ్చారా?" అన్నాడు. ప్రైవేటు కంపెనీలో కోటా లేదు. ఉన్నది సిఫార్సు. లోపలున్నవాడు తనవాడి పేరు చెబుతాడు, తలుపు తెరుచుకుంటుంది. రిజర్వేషన్ లేని ఆ చోట మనకు పేరు చెప్పేవాళ్లే లేరు. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. సాఫ్ట్‌వేర్‌తోపాటు కులమూ సముద్రం దాటిందన్నమాట.

నేను బడి వదిలిన రోజు ఒక తల్లి వచ్చింది. "మీరూ వెళ్లిపోతే మా పాపకి ఎవరు చెప్తారమ్మా?" అంది. ఆ రోజు నోట మాట రాలేదు. ఈ రోజుకీ పూర్తి జవాబు లేదు. ఆదివారాలు ఇక్కడే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, అది బాకీలో వడ్డీ మాత్రమే.

అందరూ బడి వదలమని నేను చెప్పను. మంచి టీచర్లు మనకు కావాలి, వాళ్లకు బతికే జీతం కావాలి. వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం భయపడొద్దు. మీ బయోడేటా తీసుకుని ఆదివారం రండి, కూర్చుని సరిచేద్దాం. వెళ్లినవాళ్లు ఇంకొకరి పేరు చెప్పండి. సిఫార్సుతో నడిచే లోకంలో మన సిఫార్సు మనమే కావాలి.

జై భీమ్. జై సావిత్రి.