చిలకలూరిపేట బస్సు దహనము
(మార్చి 8వ తేదీన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సమీపించుచున్నది. మన కుటుంబములవారు అనేకులు గుంటూరు, నెల్లూరు, కర్నూలు ప్రాంతములకు రాత్రి బస్సులలో పయనమగుదురు. నేడు ఒక పాత ఘోరమును మీకు జ్ఞాపకము చేయుటకు అదియే కారణము.

1993 మార్చి 8వ తేదీ తెల్లవారుజామున, హైదరాబాదునుండి చిలకలూరిపేటకు పోవుచుండిన ఆర్టీసీ బస్సులో ఇద్దరు దుండగులు ప్రయాణికులవలె ఎక్కి కూర్చుండిరి. తోటివారిని బెదరించి సొమ్ము దోచుకొనవలెనని వారి పన్నాగము. వెంట తెచ్చిన పెట్రోలును బస్సులో చల్లి నిప్పంటించిరి. 23 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇది పేరుమోసిన ముఠా చేసిన పని కాదు. పట్టుమని ఇద్దరు మనుష్యులు, కొంత పెట్రోలు, ఒక నిప్పుపుల్ల, అంతియే.

న్యాయస్థానము ఇద్దరికిని ఉరిశిక్ష విధించెను. 1996లో సుప్రీం కోర్టు దానిని ఖాయపరచెను. వారు పేద దళిత యువకులని, క్షమాభిక్ష పెట్టవలెనని పౌరహక్కులవారును, వంగ రచయిత్రి మహాశ్వేతాదేవిగారును కోరిరి. 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు ఆ శిక్షను యావజ్జీవ కారాగారముగా మార్చిరి.

దుర్ఘటన నాటికి మేము బడిపిల్లలము. క్షమాభిక్ష నాటికి మా తండ్రిగారి అంగడిలో కూర్చుండువారము. గల్లాపెట్టె యెదుట ఎంత వాదము! ఉరి తీయవలసినదేయని కొందరు, కూడదని కొందరు. ఒకనాడు మాటామాటా పెరిగి, తూకము వేసిన సరుకు వదలి వెడలిపోయినవారును కలరు. ప్రాణమునకు ప్రాణము తీయుట మాకు నాడును సమ్మతము కాదు, నేడును కాదు. అయినను ఒక మాట సిగ్గుతో చెప్పుచున్నాము. ఆ నేరస్థుల పేర్లు మాకు నేటికిని కంఠస్థములు. మృతులలో ఒక్కరి పేరైనను చెప్పజాలము. ఆ వాదములలో వారి భార్యాబిడ్డల గతి యేమని అడిగినవారును లేరు, మేమును అడుగలేదు.

నిప్పునకు నేరమనియు, పొరపాటనియు భేదము లేదు. 2013 అక్టోబరు 30న బెంగళూరునుండి హైదరాబాదునకు పోవు బస్సు పాలెము వద్ద కల్వర్టును ఢీకొని తగులబడగా 45 మంది మరణించిరి. అది ప్రమాదము. కాని లోపల చిక్కిన మనిషికి ఆ తేడా యేమి తెలియును?

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. మాది రంగుల వర్తకము. కొన్ని సంవత్సరముల క్రిందట బంధువుల ఇంటి రంగునకై ఒక థిన్నరు డబ్బాను గోనెసంచిలో చుట్టి, కలాసిపాళ్యములో ఒక రాత్రి బస్సు మనిషి చేతికిచ్చితిమి. లోపలి సరుకేమని అతడు అడుగలేదు, మేము చెప్పలేదు. బస్సులలో మండు సరుకు నిషిద్ధమని ఎరిగియే చేసితిమి. ఆ రాత్రి ఆ డబ్బాపైన ఎందరు నిద్రించిరో!

కావున మనవి. పండుగకు పోవువారు బాణసంచా, పెట్రోలు, స్పిరిటు మూటలలో పెట్టకుడు. బస్సెక్కగనే అత్యవసర ద్వారమెక్కడనున్నదో పిల్లలకు చూపుడు. పెట్రోలు వాసన తగిలినచో మొగమాటపడక బస్సు నిలిపించుడు. తోటివారు విసుగుకొన్నను సరియే.

మా అంగడిలో మాత్రము, బస్సులో పంపుటకై ఎవరడిగినను థిన్నరు ఇయ్యము. ఇప్పటికే ఇద్దరు దగ్గరి చుట్టములు మాపై అలిగియున్నారు. అలుగనిండు.