ముండ్ల కిరీటము

ముండ్లు గల చెట్టు ఇంటిముందు ఉండరాదని మన పెద్దలలో ఒక అభిప్రాయము కలదు. పసిపిల్లలు తిరుగాడు వాకిట ఆ జాగ్రత్త తగినదే. కాని ఆ ఒక్క కారణముచేత, గులాబి వాడి తలవాల్చు వేసవిలోగూడ రంగు తగ్గక నిలుచు పూలమొక్కను పెరటినుండి వెలివేయుట నాకు సమ్మతము గాదు.

కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్‌కు నిజాంసాగరము సమీపముననే యున్నది. మంజీరపై 1931లో పూర్తియైన ఆ జలాశయపు నీరు కాలువల వెంట పొలములకు పారును. పెరటి కుండీకి మాత్రము చెంబుతో మనమే పోయవలెను. అందుచేత తక్కువ నీటితో తృప్తిపడు మొక్క వేసవిలో ఇల్లాలికి గొప్ప ఊరట.

ముండ్ల కిరీటమునకు పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. బూర్బన్ ద్వీపమునకు గవర్నరుగా నుండిన మిలియస్ పేరిట 1826లో దీనికి యుఫోర్బియా మిలి అను శాస్త్రనామము వచ్చినది. మన గట్లమీది బొంతజెముడు, కాడజెముడు దీనికి దాయాదులు. నాగజెముడు మాత్రము వేరు వంశము. దానిని త్రుంచిన ఇట్టి తెల్లని పాలు కారవు.

పూవని మనము మురియు ఆ రెండు ఎఱ్ఱని రేకులు నిజమునకు రేకులు గావు, రంగెక్కిన ఆకులు. అసలు పూలు వాని నడుమ చిన్న గిన్నెవంటి భాగమున ఒదిగియుండును. అందుకే ఆ రంగు చాలదినములు నిలుచును.

ఈ మొక్క ఎండకు చచ్చుట అరుదు. మన దయకు చచ్చుటే ఎక్కువ. నీరు చాలనప్పుడు ఇది ఆకులు రాల్చి ఊరకుండును. అది చూచి జాలిపడి పూటపూటకు నీరు పోయుదుము; వేరు కుళ్ళును. మన్నులో వ్రేలు గ్రుచ్చి చూచి, లోపలగూడ ఆరినపుడే తడుపవలెను. రేగడిమన్ను నీటిని పట్టియుంచును గనుక కుండీకి పనికిరాదు. చెలకమన్నులో సగము ముతక ఇసుకయు, కొంచెము మాగిన పశువుల ఎరువును కలిపిన చాలును. కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. మృగశిర వానలు మొదలు కాగానే చూరు క్రిందికి చేర్చుట మంచిది. నీడలో ఆకు పెరుగును, పూవు రాదు. కనీసము సగము దినమైనను ఎండ తగులవలెను.

విత్తుతో పనిలేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో జానెడు కొమ్మను కోసి, కోసినచోటును నీట ముంచిన పాలు ఆగును. నీడలో నాలుగైదు దినములు ఆరనిచ్చి, ఇసుకమన్నులో నాటి, కొద్దిపాటి తడి మాత్రమే ఉంచవలెను. వేరు పట్టుటకు నెలకు పైగా పట్టవచ్చును. ఊరక పీకి చూడకుడు.

ఇక ఆ పాలను గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. అవి చర్మమునకు తగిలిన మంట, బొబ్బలు పుట్టవచ్చును. కంట పడినచో చూపునకే అపాయము. కొమ్మ కోయునపుడు చేతితొడుగు ధరింపుడు. ఆ చేతితో కన్ను నులుముకొనకుడు. పొరపాటున పడినచో శుభ్రమైన నీటితో పావుగంటసేపు ఎడతెగక కడిగి, వెంటనే నేత్రవైద్యుని యొద్దకు పోవలెను. చనుబాలు, ఆముదము వేసి కాలయాపన చేయరాదు. మేకలు, కుక్కలు కొఱికినను కీడే.

థాయిలాండునుండి వచ్చిన పెద్దపూల రకములు ఇపుడు మన నర్సరీలలో దొరకుచున్నవి. చూపునకు అవి గొప్పవే. నా మనస్సు మాత్రము చిన్నపూల పాతరకము మీదనే యున్నది. ఏ రకమైనను, కుండీని పిట్టగోడపై పిల్లల చేతికందని ఎత్తున, గాలికి పడకుండ అమర్చుడు.