పసివారితో మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట మర్యాద. నేనో, ఇంకను అక్షరము రాని పాఠకులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాను. మూడేండ్లు నిండిన మన పిల్లలు అంగన్‌వాడికి పోవుచున్నారు. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు పల్లెపల్లెకు వచ్చినది. అందలి గ్రుడ్డును, పాలను, బరువు తూచుటను మనమెరుగుదుము. బడికి ముందటి విద్యయు అందొక భాగమని పలువురు మరచుచున్నారు. ఆ విద్యకు పలక ముఖ్యము కాదు, మాట ముఖ్యము.

మన యిండ్లలో జరుగునది గమనింపుడు. పిల్లవాడు అల్లరి చేసెనా, "ఉండు, నిన్ను బళ్లో వేస్తా" అందుము. చెరసాల పేరు చెప్పినట్లు బడి పేరు చెప్పి, మూడవ యేట ఆ బడికే చేయిపట్టి లాగుకొని పోవుదుము. టీచరమ్మ ఎంత మంచిదైన నేమి? మనము పెట్టిన భయమును పోగొట్టుటకే ఆమెకు మొదటి నెల సరిపోవును. మనము పల్నాటివారము. బాలచంద్రుని బొంగరాల ఆట నెరుగనివారు మనలో లేరు. ఆట నడుమ బొంగరము తగిలిన స్త్రీ యాడిన మాటయే గదా ఆ బాలుని కారెంపూడి రణరంగమునకు నడిపినది! పెద్దలు విసరిన మాట పిల్లల మనస్సున ఎంత లోతు దిగునో మన కథయే చెప్పుచున్నది.

మిరపకోతల దినములలో మరియొక కష్టము. తల్లి తెల్లవారుసరికి కూలికి పోవలెను. బిడ్డ యేడ్చునని "ఇప్పుడే వస్తా" నని చెప్పియో, అదియు చెప్పక దొడ్డిదారిని జారుకొనియో పోవును. ఆమెను నేను నిందింపను. ఆనాటి కూలి ఆనాటి కూడు. కాని బిడ్డకు గడియారము తెలియదు. "ఇప్పుడే" యన్న మాట నమ్మి గడప చూచుచుండును, అమ్మ రాదు. అట్లుగాక ముఖము చూచి, "నీవన్నము తిని నిదుర లేచినాక అవ్వ వస్తుంది, దీపాలవేళకు నేను వస్తాను" అని చెప్పి, చెప్పినట్లు వచ్చినచో, కొన్నాళ్లేడ్చినను బిడ్డ కుదుటపడును. ఇంటిమాటను నమ్మిన బిడ్డ టీచరు మాటనును నమ్మును. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక ఇట్లు తోచుచున్నది: పెద్దల అప్పునకు పత్రము, సాక్షులు ఉందురు. పసివానికిచ్చిన మాటకు వాడు తప్ప వేరు సాక్షి లేడు.

ఇక అంగన్‌వాడిలో మాటాడు తీరు. నిలుచుండి పైనుండి పలుకు మాట పసివానికి ఉరుమువలె నుండును. చాపమీద కూర్చుండి, పేరు పెట్టి పిలిచి, అడిగినదానికి బదులు వచ్చువరకు ఓపిక పట్టవలెను. మనము రెండు నిమేషములైన ఆగము, బదులు కూడ మనమే చెప్పివేయుదుము. పోతన భాగవతమున మన్ను తిన్న కృష్ణుని యశోద గద్దించినదే గాని, వాని మాట వినకుండ దండింపలేదు. వాడు చెప్పుకొన్నదంతయు విన్నది, పిమ్మట వాడే నోరు తెరచి చూపెను. ఆ వినుటవలననే గదా ఆమెకు బ్రహ్మాండము కానవచ్చినది.

గుజరాతునందు గిజుభాయి బధేకా అను న్యాయవాది 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, దండనను మాని, కథలతో, ఆటలతో పిల్లలకు చేరువయ్యెను. ఆయనను జనులు "మీసాల తల్లి" యని పిలిచిరి. ఈ సభలోని మీసాలవారు దీనిని గమనింతురు గాక! పిల్లలతో పలుకుట ఆడువారి పని యని మనవారు తీర్మానించుకొన్నారు. నాకది సమ్మతము కాదు.

నా మనస్సును మిక్కిలి కలచునది వేరొకటి కలదు. దుర్గి, బొల్లాపల్లి, వెల్దుర్తి ప్రాంతముల తండాలలోని లంబాడీ బిడ్డ యింట తల్లిని "యాడి" యనును, నీటిని "పాణి" యనును. తెలుగు మాత్రమే వినవచ్చు చోట కూర్చుండబెట్టినచో వాడు మూగవోవును. ఆ మౌనమును చూచి "మొద్దు" అని పేరు పెట్టుదుము. ఆ పేరు పెద్దబడికిని వాని వెంట పోవును. దప్పిగొన్న బిడ్డ "పాణి" యన్నప్పుడు గ్లాసు అందించుటకు గొప్ప చదువక్కరలేదు. ఆ యొక్క మాట తెలిసియుండిన చాలును. 2020 నాటి జాతీయ విద్యావిధానమును చిన్నతరగతులలో వీలైనంతవరకు ఇంటిభాషనే వాడుమన్నది. విధానము ఢిల్లీలో వ్రాయబడినది, మాటలు మాత్రము తండాలోనే దొరకును.

కావున గ్రంథాలయ సంఘమువారికి నా విన్నపము. ప్రతి ఆదివారము సాయంకాలము వరండాలో చాప పరచి పసివారిని కూర్చుండబెట్టుడు. బొమ్మల పుస్తకములకు తాళము వేయకుడు. చిరిగిన అతికింపవచ్చును. మన యవ్వలలో ఒకరు కథ చెప్పుదురు గాక. మరుసటి వారము తండా అవ్వను పిలువవలెను. ఆమె మాటకు తెలుగు చెప్పుటకు పెద్దబడిలో చదువు తండా బాలికయే చాలును. ఆ కథలను, ఆ మాటలను విన్నవి విన్నట్లు వ్రాసి అంగన్‌వాడికి ఒక ప్రతి పంపవలెను. వ్రాతపని నేను చేసెదను. నోటుపుస్తకము కొని తెచ్చితిని.