లెక్క సైట్లో పెడితే సరిపోదు, సభలో చదవాలి

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



లెక్క అడగడం మనకు కొత్త కాదు. తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలని 1956లో పెద్దమనుషులు రాసుకున్నారు. ఆ మిగులు ఎటుపోయిందని మనం నిలదీస్తేనే 1969లో లలిత్ కుమార్ కమిటీ, భార్గవ కమిటీ వచ్చాయి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. అందులో నడిమి మాట నిధులే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు అదే ప్రశ్న మన ఊరి పంచాయతీ గడప తొక్కాలి.

లెక్కలను ఆన్‌లైన్‌లో పెట్టిన స్థానిక ప్రభుత్వాలకు గుర్తింపు ఇవ్వాలా? ఇవ్వాలి. మేం దాన్ని కాదనడం లేదు. ఏం చూసి ఇవ్వాలన్నదే మా ప్రశ్న.

మనవాళ్లు ఎంతోమంది ఉద్యోగాలు చేసుకుంటున్న అమెరికాలోని టెక్సాస్‌నే చూడండి. అక్కడి కంప్ట్రోలర్ కార్యాలయం 2016లో స్థానిక సంస్థలకు పారదర్శకత నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. రాబడి, ఖర్చుల లెక్కకు మొదటి నక్షత్రం. కాంట్రాక్టులు, అప్పులు, పింఛన్లు, ఆర్థికాభివృద్ధి ఒప్పందాలు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో నక్షత్రం. కాగితాలను స్కాన్ చేసి పడేస్తే అక్కడ నక్షత్రం రాదు. సామాన్యుడికి అర్థమయ్యే సారాంశం ఉండాలి. ఎవరైనా దించుకుని కూడికలు వేసుకునేలా అంకెలు ఉండాలి.

మన దేశంలో దీన్ని పైసలతోనే ముడివేశారు. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ వచ్చింది. 2021-26 కాలానికి స్థానిక సంస్థలకు 4,36,361 కోట్లు సిఫారసు చేసిన 15వ ఆర్థిక సంఘం ఒక షరతు పెట్టింది. నిరుటి తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటేడు ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనపడాలి. కనపడకపోతే గ్రాంటు లేదు. గ్రామాల గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. అంటే లెక్క ఎక్కకపోతే ఎండేది ఊరి నల్లానే!

ఈ పనిలో మన రాష్ట్రం వెనుకబడలేదు. పంచాయతీల ఆన్‌లైన్ ఆడిట్‌లో తెలంగాణ ముందుందని కేంద్రమే మెచ్చుకుంది. సంతోషం. రాత్రింబవళ్లు కంప్యూటర్ల ముందు కూర్చున్న పంచాయతీ కార్యదర్శులది ఆ ఘనత. కానీ ఆ ఆడిట్‌లో రాసిన అభ్యంతరాలు ఎన్ని ఊళ్లలో గ్రామసభ ముందుకు వచ్చాయి?

2024 ఆరంభంలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. సైటుకు సర్పంచ్ ఉన్నాడా, లేడా అన్న పట్టింపు లేదు. అంకె ఎక్కితే చాలు. జవాబు చెప్పే మనిషి ఎదురుగా లేనప్పుడు ఆ అంకెతో ఊరివాళ్లు చేసేదేమిటి?

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో జన సునవాయిలు మొదలుపెట్టింది. అప్పుడు వాళ్ల చేతిలో ఏ సైటూ లేదు. మస్టర్ రోళ్లు, బిల్లులు తెచ్చి ఊరి నడుమ పైకి చదివారు. కూలికి పోనివాళ్ల పేర్లు, కట్టని పనుల బిల్లులు బయటపడ్డాయి. ఆ పోరాటం నుంచే 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చాం. ఆ చట్టంలోని 4వ సెక్షన్, ఎవరూ దరఖాస్తు పెట్టకముందే బడ్జెట్, ఖర్చుల వివరాలు బయటపెట్టమంటుంది. దొంగ లెక్కను పట్టింది కాగితం కాదు, పక్కింటివాడి చెవి. 'ఆ మోరీ మా గల్లీలో కట్టనే లేదు' అని చెప్పగలిగేది ఆ గల్లీవాడే.

అందుకే మేం మూడు మాటలు చెప్తున్నాం.

ఒకటి, మొత్తం అంకె చూసి పతకం ఇవ్వొద్దు. వీధిలైట్లకు ఇంత, ట్రాక్టర్ డీజిల్‌కు ఇంత, బోరు మోటార్ రిపేరుకు ఇంత, ఎవరికి చెల్లించారు, ఏ తేదీన చెల్లించారు అన్నది వోచర్‌తో సహా ఉండాలి.

రెండు, ఆ లెక్క తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి. ఫోను లేని అవ్వ కూడా మనవడితో చదివించుకోవాలి.

మూడు, 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. ఆ సభలో లెక్క చదివి, ఆడిట్ అభ్యంతరాలకు జవాబు చెప్పి, తీర్మానం రాసిన పంచాయతీకే అవార్డు ఇవ్వాలి. అడిగినవాడిని పార్టీవాడని ముద్రవేసి కూర్చోబెట్టే ఊరికి ఎన్ని నక్షత్రాలు వచ్చినా అవి గోడకు కొట్టిన మేకులే.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పంచాయతీ పద్దులు దించుకుని పదిమందికి చదివి వినిపించండి. ఉద్యోగ మిత్రులారా, క్యాష్‌బుక్, ఎంబీ, ట్రెజరీ భాష మీకు తెలుసు. దాన్ని ఊరి భాషలోకి మార్చి వాళ్లకు చెప్పండి. కార్యదర్శిని దొంగను చేయడానికి కాదు. ఒత్తిడికి తలవంచి సంతకం పెట్టాల్సిన గతి అతనికి పట్టకుండా ఊరు అండగా నిలవడానికి.

ఢిల్లీ ఇచ్చే పతకం పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడుతుంది. ఊరు ఇచ్చే గుర్తింపు గ్రామసభ తీర్మానంలో ఉంటుంది. మనం అడగాల్సింది ఆ రెండోదాన్నే. అడుగుదాం, వచ్చే గ్రామసభ నుంచే అడుగుదాం!